బదనిక – మిసిల్టో: పేర్లలోని దృష్టిభేదం, ‘పరాన్నభుక్కు’ అనే పరిభాష

వ్యాససంగ్రహం:
ఇతర వృక్షాల కొమ్మలపై వేళ్లూని పెరిగే మొక్కలను తెలుగువారు బదనికలు అంటారు. ఐరోపాలో ఇదే తీరున పెరిగే మొక్కకు ఆంగ్లంలో మిసిల్టో అని పేరు. సంస్కృతం, గ్రీకు, లాటిన్, జర్మానిక్ భాషలలో ఈ మొక్కలకున్న పేర్లు ఒకే అర్థాన్ని చెప్పవు. కొన్ని చెట్టు పక్షాన, కొన్ని వేటగాని పక్షాన, కొన్ని రోగి పక్షాన నిలిచి పుట్టాయి. ఆధునిక తెలుగు పరిభాష వీటిలో చెట్టు పక్షాన్ని మాత్రమే స్వీకరించి ‘పరాన్నజీవి’, ‘పరాన్నభుక్కు’ అనే పదాలను స్థిరపరచింది. పేరు వస్తుస్వభావానికి ప్రమాణం కాదని, అది పేరు పెట్టినవారి స్థానాన్ని తెలిపే ఆధారమని ఈ వ్యాసం ప్రతిపాదిస్తుంది. వ్యుత్పత్తిపై, పోలికపై ఆధారపడే సాహిత్య విమర్శకు ఈ భేదం ఎందుకు అవసరమో చర్చిస్తుంది.

కీలకపదాలు: బదనిక, మిసిల్టో, వృక్షాదని, వందా, లోకవ్యుత్పత్తి, పరాన్నభుక్కు, ఫ్రేజర్, అనువాదం.

1. ఉపోద్ఘాతం:
నిఘంటువులో ఒక పదానికి ఎదురుగా మరో భాషాపదం కనిపించినపుడు రెండూ ఒకే వస్తువును చెబుతున్నాయని పాఠకుడు భావిస్తాడు. వస్తువు ఒకటే అయినా, దాన్ని చూసిన చోటు ఒకటే కాకపోవచ్చు. బదనిక, మిసిల్టో అనే జంట విషయంలో వస్తువు కూడా పూర్తిగా ఒకటి కాదు. ఐరోపా మిసిల్టో శాస్త్రనామం విస్కం ఆల్బం. తెలుగు ప్రాంతాల్లో మామిడి మొదలైన చెట్లపై విరివిగా కనిపించే బదనిక డెండ్రోఫ్తో ఫాల్కేటా. ఇవి వేర్వేరు కుటుంబాలకు చెందినవి. అయితే రెండూ శాంటలేలిస్ అనే ఒకే క్రమంలోనివి, జీవనవిధానంలోనూ సన్నిహితమైనవి. అందువల్ల వీటి పేర్లను పోల్చి పరిశీలించడం సమంజసం.

2. మొక్క స్వభావం:
పేర్లను పరిశీలించే ముందు మొక్క జీవనవిధానాన్ని గుర్తించడం అవసరం. బదనికకు నేలలో వేరు లేదు. దాని విత్తనం చెట్టు కొమ్మపై మొలకెత్తి, హాస్టోరియా అనే చూషకాంగాన్ని కొమ్మలోనికి దింపుతుంది. దాని ద్వారా ఆశ్రయవృక్షం నుంచి నీటిని, ఖనిజ లవణాలను గ్రహిస్తుంది. అయితే బదనిక ఆకులు పచ్చనివి. వాటిలో పత్రహరితం ఉంది. తనకు కావలసిన చక్కెరను చాలావరకు ఎండ సాయంతో తానే తయారుచేసుకుంటుంది. అందుకే వృక్షశాస్త్రం దీన్ని పాక్షిక పరాన్నజీవిగా వర్గీకరిస్తుంది. ఆకులు లేక, పసుపుపచ్చని దారాలవలె అల్లుకొనే బంగారుతీగ సంపూర్ణ పరాన్నజీవి. ఈ రెండింటి మధ్య భేదం మౌలికమైనది.

బదనిక పండులో విత్తనం చుట్టూ జిగురు ఉంటుంది. ఫ్లవర్‌పెకర్ అనే చిన్న పిట్ట ఆ పండు తిన్నపుడు విత్తనం జిగురుతోనే బయటికి వచ్చి కొమ్మకు అంటుకుంటుంది. ఐరోపాలో ఈ పని చేసే పక్షులలో మిసిల్ త్రష్ ప్రసిద్ధం. దాని శాస్త్రనామంలోని ‘విస్కివోరస్’ అనే భాగానికి ‘మిసిల్టోను తినేది’ అని అర్థం. జిగురు, పక్షి, కొమ్మ అనే మూడు అంశాల చుట్టూ ఐరోపా పేర్లు చాలావరకు అల్లుకున్నాయి.

3. ఆంగ్లనామం – కొమ్మ కాలివేలైన క్రమం:
మిసిల్టో అనే మాటకు ప్రాచీన ఆంగ్ల రూపం ‘మిస్టెల్‌టాన్’. ఇందులో ‘మిస్టెల్’ మొక్క పేరు. ‘టాన్’ అంటే రెమ్మ. ప్రాచీన నార్స్ భాషలోని ‘మిస్టిల్‌టెయిన్’ కూడా ఇదే నిర్మాణం కలది. కాలక్రమంలో రెమ్మ అనే అర్థంలో ‘టాన్’ ఆంగ్లంలో వాడుక తప్పింది. కాలివేలును తెలిపే ‘టా’ అనే మాటకు ప్రాచీన ఆంగ్లంలో బహువచనం కూడా ‘టాన్’. చివరి నకారాన్ని బహువచన ప్రత్యయంగా భావించి తొలగించడంతో రెమ్మ అనే అర్థం పోయి, కాలివేలును తలపించే ‘టో’ మిగిలింది. నేటి ఆంగ్లపదంలో వినిపించే కాలివేలుకు మొక్కతో ఏ సంబంధమూ లేదు.

ఇది లోకవ్యుత్పత్తికి చక్కని ఉదాహరణ. అర్థం తెలియని భాగాన్ని అర్థం తెలిసిన మాటతో సరిపెట్టుకోవడం అన్ని భాషల్లోనూ ఉన్నదే. ‘తెలుగు’ అనే మాటను ‘త్రిలింగ’ నుంచి సాధించే ప్రయత్నాన్ని పలువురు భాషాశాస్త్రవేత్తలు ఈ కోవలోనే చేర్చారు. అక్కడ పండితులు చేసిన పని ఇక్కడ సామాన్య వ్యవహర్తలు చేశారు.

‘మిస్టెల్’ అనే మొదటి భాగాన్ని జర్మన్ భాషలో పెంటను తెలిపే ‘మిస్ట్’తో ముడిపెట్టే వాదం ప్రసిద్ధం. పక్షి రెట్టనుంచి మొలిచే రెమ్మ అన్నమాట. మొక్క జీవనవిధానానికి ఈ వివరణ చక్కగా సరిపోతుంది. దీనికి ఉన్న ప్రాచుర్యమంతా ఆ పొందిక వల్ల వచ్చిందే. కానీ వ్యుత్పత్తికి అర్థసామ్యంతో పాటు ధ్వనిపరిణామ ప్రమాణం కూడా కావాలి. ఈ విషయంలో భాషాశాస్త్రవేత్తల మధ్య ఏకాభిప్రాయం లేదు. అందంగా సరిపోయే వ్యుత్పత్తిని మరింత జాగ్రత్తగా పరీక్షించాలన్నది దీనినుంచి గ్రహించవలసిన మొదటి పాఠం.

4. జిగురు, క్షయం, సర్వరోగనివారణం:
లాటిన్‌లో ‘విస్కం’ అనే మాటకు రెండర్థాలు: మిసిల్టో మొక్క, పక్షులను పట్టే జిగురు. ఈ మొక్క పండ్లనుంచి ఆ జిగురును తయారుచేసేవారు. ద్రవాల చిక్కదనాన్ని తెలిపే ‘విస్కాసిటీ’ అనే శాస్త్రపదం దీనినుంచి వచ్చినదే. తన రెట్టతోనే త్రష్ పక్షి తన చావును తెచ్చుకుంటుందనే భావంతో లాటిన్‌లో ఒక సామెత కూడా ఉంది. ఈ నామకరణంలో చెట్టు లేదు. వేటగాని చేతికి అంటిన జిగురు ఉంది.

తెలుగు ప్రాంతపు బదనిక శాస్త్రనామంలోని ‘డెండ్రోఫ్తో’ గ్రీకు మాటలతో కూర్చినది. ‘డెండ్రాన్’ అంటే చెట్టు. ‘ఫ్తోయె’ అంటే క్షీణింపజేసే రోగం, క్షయ. ఇది పూర్తిగా చెట్టు పక్షాన నిలిచి పెట్టిన పేరు.

క్రీ.శ. ఒకటవ శతాబ్దికి చెందిన ప్లినీ తన ‘ప్రకృతి చరిత్ర’ పదహారవ భాగంలో దీనికి పూర్తిగా విరుద్ధమైన పేరును నమోదు చేశాడు. గాల్ దేశపు డ్రూయిడ్ పురోహితులు ఓక్ చెట్టుపై పెరిగిన మిసిల్టోను చాంద్రమాన షష్ఠినాడు బంగారు కొడవలితో కోసేవారని, రెండు తెల్లని ఎడ్లను బలి ఇచ్చేవారని, తమ భాషలో దాన్ని ‘అన్నింటినీ నయం చేసేది’ అనే అర్థం గల మాటతో పిలిచేవారని ఆయన రాశాడు. ఓక్‌పై ఈ మొక్క అరుదుగా పెరుగుతుంది. ఆ అరుదుదనమే దానికి పవిత్రతను తెచ్చింది.

తెలుగునాట కూడా ఫలానా చెట్టు బదనికను ఫలానా నక్షత్రంనాడు తీసి ధరించాలనే విశ్వాసం తాంత్రిక, జ్యోతిష సంప్రదాయాల్లో ఉంది. ఈ రెండింటి మధ్య చారిత్రక సంబంధాన్ని ఊహించనవసరం లేదు. నేలను తాకకుండా, చెట్టు ఆకు రాల్చినా తాను పచ్చగా ఉండే మొక్క ఎక్కడైనా ఆశ్చర్యం కలిగిస్తుంది. ఒకే మొక్కజాతి ఒకచోట చెట్టుకు క్షయ, మరొకచోట మనిషికి ఔషధం కావడమే ఇక్కడ గమనార్హం.

5. అమరకోశంలోని నాలుగు పేర్లు:
అమరకోశం వనౌషధివర్గం ఈ మొక్కకు వందా, వృక్షాదని, వృక్షరుహ, జీవంతిక అనే నాలుగు పేర్లు ఇస్తుంది. పర్యాయపదాలుగా వల్లెవేసే ఈ నాలుగూ నిజానికి నాలుగు దృష్టులు. ‘వృక్షాదని’లో ‘తినడం’ అనే అర్థం గల ‘అద్’ ధాతువు ఉంది. వృక్షాన్ని తినేది అని అర్థం. పుంలింగంలో ‘వృక్షాదన’ శబ్దం వడ్రంగి పనిముట్టుకు పేరు. ఉలిని, మొక్కను ఒకే క్రియతో చూసిన దృష్టి ఇది. ‘వృక్షరుహ’ అంటే చెట్టుపై పెరిగేది. ఇందులో నింద లేదు, ప్రశంస లేదు. ఉనికిని మాత్రమే చెబుతుంది. ‘జీవంతిక’ జీవధాతువుపై ఏర్పడిన పేరు. ఇది మొక్క పక్షాన నిలుస్తుంది. ‘వందా’కు అంత పారదర్శకమైన అర్థం లేదు, అది రూఢి.

అమరసింహుడు వీటి వెంటనే గుడూచి, అంటే తిప్పతీగ పేర్లను చెప్పాడు. అందులో వత్సాదని, ఛిన్నరుహ, జీవంతిక అనేవి ఉన్నాయి. వృక్షాదనికి వత్సాదని, వృక్షరుహకు ఛిన్నరుహ జతగా నిలుస్తాయి. జీవంతిక రెండింటికీ సమానం. తిప్పతీగను కోసి పడేసినా తిరిగి చిగురిస్తుంది. బదనిక నేలతో సంబంధం లేకుండానే బతుకుతుంది. మామూలు మొక్కకు ఆధారమైన నేల, వేరు అనే బంధం తెగినా జీవించడం ఈ రెండింటికీ ఉమ్మడి లక్షణం. కోశకర్త వీటిని పక్కపక్కనే ఉంచడం వల్ల ‘జీవంతిక’ అనే పేరులోని భావం స్ఫుటమవుతుంది. వృక్షాదని అనే పేరును మాత్రమే విడదీసి తీసుకుంటే ఈ భావం పూర్తిగా మరుగున పడుతుంది.

6. వందా నుంచి వాండాకు:
పేరు వస్తువును వదిలి ప్రయాణించగలదనడానికి ‘వందా’ శబ్దచరిత్ర నిదర్శనం. చెట్లపై పెరిగే ఒక ఆర్కిడ్‌ను విలియం జోన్స్ ఈ సంస్కృత నామంతో వర్ణించాడు. ఆ పేరుతోనే రాబర్ట్ బ్రౌన్ 1820లో ‘వాండా’ ప్రజాతిని స్థిరపరచాడు. నేడు వాండా టెస్సెలేటా అని పిలిచే ఆ ఆర్కిడ్‌ను అంతకుముందే, 1795లో, సామర్లకోటలో పనిచేసిన విలియం రాక్స్‌బరో తన కోరమాండల్ తీర వృక్షగ్రంథంలో మరో పేరుతో నమోదు చేశాడు.

వాండా చెట్టుపై ఉంటుంది గాని, చెట్టునుంచి ఏమీ తీసుకోదు. గాలిలో వేలాడే వేళ్లతో తేమను గ్రహిస్తుంది. అంటే కొమ్మలోకి చూషకాన్ని దింపే మొక్క పేరు, కొమ్మను ఆనుకొని ఉండే మొక్కకు స్థిరపడింది. తెలుగు పాఠ్యపుస్తకాల్లో ఇలాంటి మొక్కలకు వాడే పరిభాష ‘వృక్షోపజీవి’. ఉపజీవి అంటే మరొకరిని ఆధారం చేసుకొని జీవించేది. చెట్టుపై ఉనికి తప్ప మరేదీ కోరని మొక్కకు ఈ మాట అన్యాయం చేస్తుంది. అమరకోశంలోని ‘వృక్షరుహ’ శబ్దార్థాన్ని బట్టి ఇక్కడ చక్కగా అమరుతుంది. ప్రాచీన పదసంపద ఇచ్చిన సూక్ష్మభేదాన్ని ఆధునిక పరిభాషా నిర్మాణం ఉపయోగించుకోలేదనే విమర్శకు ఇది ఆస్కారమిస్తుంది.

7. ఫ్రేజర్ – ఉపమానం నుంచి అభేదానికి:
మిసిల్టోను సాహిత్య విమర్శకు, మానవశాస్త్రానికి పరిచయం చేసిన ప్రధాన గ్రంథం జేమ్స్ జార్జ్ ఫ్రేజర్ రచించిన ‘ది గోల్డెన్ బో’. ఇది 1890లో రెండు సంపుటాలుగా వెలువడి, మూడవ కూర్పునాటికి పన్నెండు సంపుటాలకు పెరిగింది. ఇటలీలోని నేమీ వనంలో పారిపోయి వచ్చిన బానిస ఒక చెట్టు కొమ్మను విరిచి, అక్కడి పురోహితరాజుతో పోరాడి, అతన్ని చంపి ఆ స్థానాన్ని పొందే ఆచారం ఫ్రేజర్ చర్చకు మూలం. వ్యాఖ్యాత సర్వియస్ ఆ కొమ్మను, వర్జిల్ ‘ఈనియడ్’ ఆరవ సర్గలో ఈనియస్ పాతాళానికి తీసుకుపోయిన బంగారు కొమ్మతో ముడిపెట్టాడు. ఫ్రేజర్ దానిని మిసిల్టోగా నిర్ణయించాడు. ఓక్ చెట్టు ప్రాణం శీతకాలంలోనూ పచ్చగా ఉండే మిసిల్టోలో ఉంటుందన్న విశ్వాసాన్ని ఊహించి, నార్స్ దేవుడు బాల్డర్ మరణకథను ఇందుకు జోడించాడు.

ఈ వాదంలోని బలహీనత అలంకారశాస్త్రం చదివిన తెలుగు పాఠకునికి సులభంగా తెలుస్తుంది. వర్జిల్ బంగారు కొమ్మను మిసిల్టోతో పోల్చాడు. ఉపమలో ఉపమేయ ఉపమానాలకు భేదం ఉండితీరాలి. ముఖాన్ని చంద్రునితో పోల్చినపుడు ముఖం చంద్రుడు కాదని చెప్పకనే చెప్పినట్లు. బంగారు కొమ్మ మిసిల్టోయే అయితే ఆ ఉపమకే చోటు లేదు. వర్జిల్ అభేదం చెప్పలేదని, పోల్చాడని ఫ్రేజర్‌కు తెలియకపోలేదు. అయినా దానిని కవి వేసిన ముసుగుగా భావించి ముందుకు సాగాడు.

వృక్షశాస్త్ర దృష్టితో చూసినా చిక్కు ఉంది. వర్జిల్ ఉపమానంలో శీతకాలపు కొత్త ఆకు, కుంకుమపువ్వు రంగు పండు రెండూ ఉన్నాయి. విస్కం ఆల్బం ఏడాది పొడవునా పచ్చగా ఉంటుంది గాని, దాని పండు తెల్లనిది. దక్షిణ ఐరోపాలో ఓక్ చెట్లపై పెరిగే లోరాంథస్ యూరోపియస్ పండు పసుపుపచ్చనిదే గాని, అది శీతకాలంలో ఆకు రాలుస్తుంది. కవి ఉపమానంలోని మొక్క ఈ రెండింటిలో ఏ ఒక్కటీ కాదు; రెండింటి లక్షణాలు కలిసిన కావ్యవస్తువు.

బాల్డర్ కథ కూడా ఏకరూపంలో లేదు. 13వ శతాబ్దిలో స్నోరి స్టుర్లుసన్ కూర్చిన ఎడ్డాలో లోకంలోని సమస్త వస్తువులనుంచి ప్రమాణం తీసుకున్న తల్లి ఫ్రిగ్, మరీ లేతదని మిసిల్టోను వదిలేస్తుంది. ఆ రెమ్మే బాల్డర్‌ను చంపుతుంది. డెన్మార్క్ చరిత్రకారుడు సాక్సో గ్రమాటికస్ రచనలో బాల్డర్ కత్తిదెబ్బకు చనిపోతాడు; మిసిల్టో ప్రసక్తి లేదు. స్నోరి నివసించిన ఐస్‌లాండ్‌లో ఈ మొక్క పెరగదు. ఐస్‌లాండ్ గాథలలో ‘మిస్టిల్‌టెయిన్’ ఒక ఖడ్గానికి కూడా పేరు. మొక్కను చూడని నేలలో దాని పేరు ఆయుధమై నిలిచింది. 1913లో వెలువడిన బాల్డర్ సంపుటాల పీఠికలో ఫ్రేజర్ స్వయంగా, ఇటలీ పురోహితునికీ నార్స్ దేవునికీ ఉన్న పోలికపై తనకు మునుపటంత నమ్మకం లేదని అంగీకరించాడు. గ్రంథం గొప్పతనం సేకరణలో ఉంది. దాని దోషం పోలికను ప్రమాణంగా స్వీకరించడంలో ఉంది.

8. పరాన్నభుక్కు – విమర్శ పరిభాష:
ఆంగ్లంలోని ‘పారసైట్’ గ్రీకు ‘పరాసిటోస్’ నుంచి వచ్చింది. ‘పరా’ అంటే పక్కన; ‘సిటోస్’ అంటే ధాన్యం, ఆహారం. భోజనానికి పక్కన కూర్చున్నవాడు అని మూలార్థం. గ్రీకు ప్రహసనాల్లో ధనికుని పంక్తిన కూర్చొని పొగడే పాత్రకు ఇది పేరైంది. మొక్కలకు, జీవులకు ఈ మాట అన్వయించడం చాలా తర్వాతి పరిణామం. అంటే మనిషికి పెట్టిన నిందను మొక్కకు తగిలించి, తిరిగి మొక్కనుంచి మనిషికి ‘శాస్త్రీయ’ రూపకంగా తెచ్చుకోవడం జరిగింది.

తెలుగులో దీనికి సమానంగా నిలిచిన ‘పరాన్నభుక్కు’లో ‘పర’ అంటే ఇతరుడు. గ్రీకు ‘పరా’తో ధ్వనిసామ్యం ఉన్నా అర్థం వేరు. పక్కన కూర్చొని పంచుకోవడం అనే అంశం తొలగి, ఇతరుల అన్నం తినడం అనే నింద మాత్రమే మిగిలింది. శ్రమ చేయని వర్గాలను పరాన్నభుక్కులు అనడం అభ్యుదయ, విప్లవ విమర్శలో స్థిరపడింది. ఆ సామాజిక విమర్శకు దాని బలం దానికుంది. దాని సత్యాసత్యాలు మొక్కపై ఆధారపడవు. కానీ అదే మాటను అనుసరణకు, అనువాదానికి, వ్యాఖ్యానానికి అన్వయించినపుడు పరిశీలన అవసరం.

ఆంగ్ల విమర్శలో ఈ వివాదం 1977లో జరిగింది. వినిర్మాణ పఠనం మూలకృతి స్పష్టార్థంపై పరాన్నభుక్కు అన్న వేన్ బూత్ అభిప్రాయాన్ని ఎం.హెచ్. ఏబ్రమ్స్ తన వాదంలో ఉదహరించాడు. జె. హిల్లిస్ మిల్లర్ ‘ది క్రిటిక్ ఆజ్ హోస్ట్’ వ్యాసంలో పారసైట్, హోస్ట్ అనే పదాల వ్యుత్పత్తులనే తిరగదోడి బదులిచ్చాడు. ప్రతి కృతీ తనకు ముందున్న కృతులకు అతిథి, తర్వాతి కృతులకు ఆతిథేయి అన్నది ఆ వాదసారం. మిల్లర్ వాదం చమత్కారభరితమే గాని, అదీ వ్యుత్పత్తినే ప్రమాణంగా వాడుకుంది. పదం మూలంలో సహపంక్తి ఉన్నంత మాత్రాన విమర్శ నిర్దోషి కాదు. పదం వాడుకలో నింద ఉన్నంత మాత్రాన దోషి కాదు.

ఇక్కడ బదనిక స్వభావం మరింత ఉపయోగపడే నమూనా. అది చెట్టునుంచి నీటిని, లవణాలను తీసుకుంటుంది. ఆహారాన్ని చాలావరకు తన ఆకులోనే వండుకుంటుంది. మూలం నుంచి కథావస్తువును స్వీకరించి తన పాకంలో వండుకున్న నన్నయాదుల ఆంధ్రీకరణాలను ‘పరాన్నం’ అనగలమా? ముడిసరుకుకు, అన్నానికి మధ్యనున్న భేదాన్ని ‘పరాన్నభుక్కు’ అనే మాట చెరిపివేస్తుంది.

మరో నిదర్శనం శ్రీగంధం. శాంటాలం ఆల్బం అనే శాస్త్రనామం గల చందనవృక్షం కూడా పాక్షిక పరాన్నజీవే. అది ఇతర మొక్కల వేళ్లకు చూషకాలు తగిలించి పోషకాలు గ్రహిస్తుంది. మిసిల్టో, బదనికలు చేరిన శాంటలేలిస్ క్రమం పేరు ఈ చందనం ప్రజాతినుంచే వచ్చింది. అయినా కవులెవరూ చందనాన్ని పరాన్నభుక్కు అనలేదు. గంధం చేసే పని నేల కింద, కంటికి కనబడదు. బదనిక చేసే పని కొమ్మపై, అందరి కళ్లెదుట జరుగుతుంది. నింద స్వభావాన్ని బట్టి కాక కనిపించే చోటును బట్టి ఏర్పడుతుందనడానికి ఇంతకంటే నిదర్శనం అవసరం లేదు.

బదనిక హాని చేయదని దీని అర్థం కాదు. అది దట్టంగా పట్టిన మామిడిచెట్టు కాపు తగ్గుతుంది. రైతు ఆ కొమ్మను కోయక తప్పదు. తోట యజమానికి వృక్షాదని అనే పేరే సత్యం. అడవికి మాత్రం అది సంపూర్ణ సత్యం కాదు. ఆస్ట్రేలియా అడవుల్లో కొన్నింటినుంచి మిసిల్టోను తొలగించి చేసిన పరిశోధనలో పక్షిజాతుల సంఖ్య సుమారు అయిదో వంతు తగ్గినట్లు డేవిడ్ వాట్సన్, మాథ్యూ హెరింగ్ 2012లో వెల్లడించారు. తోటలో చెట్టును తినేది అడవిలో అనేక జీవులకు తిండి పెట్టేది కావచ్చు.

9. అనువాదంలో పాటించదగిన విచక్షణ:
పై చర్చనుబట్టి మిసిల్టోను తెలుగులోకి తెచ్చేటపుడు సందర్భమే నిర్ణాయకం. వృక్షశాస్త్ర రచనలో ‘బదనిక’ అని వాడి శాస్త్రనామాన్ని తెలుగు లిపిలో చేర్చడం అవసరం. లేకుంటే రెండు కుటుంబాల మొక్కలు ఒకటవుతాయి. బాల్డర్ కథ వంటి పురాగాథలో ‘బదనిక రెమ్మ’ సముచితం. లేతదని ఉపేక్షించిన మొక్క ప్రాణం తీయడమనే కథామర్మం అందులో నిలుస్తుంది. డికెన్స్ ‘పిక్విక్ పేపర్స్’లోని క్రిస్మస్ వేడుకలో మిసిల్టో కింద ముద్దు పెట్టుకునే సన్నివేశానికి మాత్రం ‘మిసిల్టో’ అనే మాటనే ఉంచి, మొదటి ప్రస్తావనలో అది బదనిక జాతిదని సూచించడం మేలు. అక్కడ ముఖ్యం మొక్క కాదు, ఆచారం. ఏ సందర్భంలోనూ ‘పరాన్నభుక్కు మొక్క’ అనే వివరణ సరిపోదు. అది వస్తువును పరిచయం చేయకముందే తీర్పు చెబుతుంది.

10. ముగింపు:
• మిసిల్టో అనే పదంలోని ‘టో’ రెమ్మను తెలిపే ‘టాన్’ నుంచి ఏర్పడిన లోకవ్యుత్పత్తి రూపం. దానికి కాలివేలుతో సంబంధం లేదు.
• విస్కం వేటగాని దృష్టిని, డెండ్రోఫ్తో చెట్టు దృష్టిని, డ్రూయిడ్ల నామం రోగి దృష్టిని ప్రతిఫలిస్తాయి.
• అమరకోశంలోని వృక్షాదని, వృక్షరుహ, జీవంతిక అనే పేర్లు భిన్న దృష్టులు. గుడూచి పర్యాయాలతో పోల్చినపుడు ఇది స్పష్టమవుతుంది.
• ‘వృక్షోపజీవి’, ‘పరాన్నభుక్కు’ అనే ఆధునిక పరిభాషలు ఈ భేదాన్ని కోల్పోయాయి. ‘వృక్షరుహ’ వంటి పదాలను పునఃపరిశీలించవచ్చు.
• ఫ్రేజర్ ఉపమను అభేదంగా గ్రహించాడు. మిల్లర్ వ్యుత్పత్తిని తీర్పుగా గ్రహించాడు. పేరు సాక్ష్యం మాత్రమే. తీర్పు వస్తుపరిశీలన తర్వాత రావాలి.

ఒక అనుసరణను, ఒక వ్యాఖ్యానాన్ని పరాన్నభుక్కు అనే ముందు, అది మూలంనుంచి తీసుకున్నది నీరా, అన్నమా అని అడగడం విమర్శకుని కనీస బాధ్యత.